ఫోన్ దానంతటదే ఆగిపోతోంది, హ్యాక్ అయిందంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటలు చేస్తున్నాను. నా ఆండ్రాయిడ్ ఫోన్ కొని ఐదేళ్లు దాటింది. రెండు నెలలుగా బాగా వేడెక్కుతోంది. ఛార్జింగ్ 35 శాతం చూపిస్తూ చూపిస్తూనే ఠపీమని ఆగిపోతోంది. నేను ముట్టుకోకుండానే స్క్రీన్ కదులుతుంది, యాప్‌లు వాటంతటవే తెరుచుకుంటాయి. కాల్ మాట్లాడుతుంటే గరగరమంటుంది, నా మాట నాకే వినపడుతుంది. ఎవరో హ్యాక్ చేశారని మా అల్లుడు అంటున్నాడు. నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే వాళ్లూ అదే మాట అన్నారు. మూడు వేలు కట్టి, లాక్ నంబరు చెప్పి, ఫోన్ రెండ్రోజులు ఉంచిపొమ్మన్నారు. గుంటల నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే స్టార్టర్ నుంచి కాల్ వచ్చేది ఈ ఫోన్‌కే, బ్యాంకు పనులు చేసేదీ ఇందులోనే. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంకో మాట. దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. పది రోజుల కిందట తెలిసినాయన నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లిపత్రిక వచ్చింది. నొక్కితే ఏవేవో అడిగింది, ఓకే కొట్టాను. పత్రిక మాత్రం తెరుచుకోలేదు, వదిలేశాను. ఏం చేయమంటారు?
- ఒక రొయ్యల రైతు (పేరు వేయవద్దన్నారు)

సమాధానం: ముందు మీరు చివర్లో రాసిన పెళ్లిపత్రిక సంగతి చూద్దాం. వేడెక్కడం, ఆగిపోవడం, గరగర, ఇవన్నీ రెండ్రోజులు ఆగినా ఫరవాలేదు. పత్రిక విషయం ఈ రోజే తేలాలి.

పెళ్లిపత్రిక ఫొటోగా వస్తుంది, వీడియోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. ఈ మూడూ నొక్కగానే తెరుచుకుంటాయి, మనల్ని ఏమీ అడగవు. మీకు వచ్చింది అడిగింది అంటున్నారు. వాట్సాప్‌లో ఆ మెసేజ్ ఇంకా ఉంటే, దాన్ని మళ్లీ నొక్కకుండా, ఫైలు పేరు చివర ఏముందో చూడండి. డాట్ ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, ఒక యాప్. మీరు కొట్టిన మొదటి ఓకే బహుశా వాట్సాప్ నుంచి యాప్‌లు వేసుకోవడానికి ఇచ్చిన అనుమతి. తర్వాతి ఓకేలు ఆ యాప్‌ను ఫోన్‌లో వేయడానికి, మీ మెసేజ్‌లు చదవడానికి ఇచ్చినవి కావచ్చు. పత్రిక తెరుచుకోలేదు కాబట్టి ఏమీ జరగలేదని మీరు అనుకున్నారు. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఏమీ తెరుచుకోనట్టే కనిపిస్తాయి. ఐకాన్ కూడా కనపడకుండా దాచుకుని, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలను ఎక్కడో ఉన్నవాడికి పంపుతుంటాయి. పెళ్లిపత్రిక పేరుతో వచ్చినట్టే పీఎం కిసాన్ డబ్బుల పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో కూడా ఇవి తిరుగుతున్నాయి.

యాప్ పడిందో లేదో చూసి తేల్చేదాకా, పడిందనే అనుకుని నడవండి.

మొట్టమొదట ఆ ఫోన్‌లో మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. తర్వాత సిమ్ తీసి మామూలు కీప్యాడ్ ఫోన్‌లో వేయండి. మీ పరిస్థితిలో దీనికి మించిన పని లేదు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే స్టార్టర్ కాల్ కీప్యాడ్ ఫోన్‌కు వస్తుంది, మీరు గుంట దగ్గరికి పరుగెత్తగలరు. ఓటీపీ వచ్చినా ఆ ఫోన్‌కే వస్తుంది, పాత ఫోన్‌లో దాక్కున్న యాప్‌కు అందదు. ఒక్క జాగ్రత్త: మీది జియో సిమ్ అయితే పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో పనిచేయదు, 4జీ కీప్యాడ్ ఫోన్ కావాలి.

ఆ వెంటనే ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేయండి. నంబరు మీ ఏటీఎం కార్డు వెనకాలో పాస్‌బుక్ మీదో ఉన్నదే చూసుకోండి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు చేయవద్దు, అందులో దొంగ నంబర్లు చాలా ఉన్నాయి. యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ప్రస్తుతానికి ఆపమని చెప్పండి. పది రోజుల లావాదేవీలు ఒక్కొక్కటిగా చదివించుకోండి. ఒక రూపాయి, రెండు రూపాయలు పోయినవి కూడా వదలవద్దు, పెద్ద మొత్తం లాగేముందు చిన్న మొత్తంతో ప్రయత్నించి చూస్తారు.

డబ్బు పోయినట్టు కనపడితే ఆ క్షణంలోనే 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాల కోసం కేంద్ర హోంశాఖ నడిపే హెల్ప్‌లైన్. అవతలి ఖాతాలోంచి డబ్బు తీసుకునేలోపు ఫిర్యాదు అందితే ఆ డబ్బును అక్కడే ఆపించే వీలుంది, అందుకే గంటల లెక్కన తేడా వస్తుంది. తెల్లారాక చూద్దాం, ముందు పెద్దవాళ్లతో మాట్లాడదాం అని ఆగకండి. బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన పొరపాటు వల్ల నష్టం జరిగినా బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయే సొమ్ముకు బాధ్యత బ్యాంకుదే. తెలియజేసేదాకా పోయింది మాత్రం మన మీద పడుతుంది.

డబ్బు భద్రమని తేలాక ఫోన్ పట్టుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి మొత్తం జాబితా నెమ్మదిగా, మీ అల్లుడినీ పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఐకాన్ దాచుకున్న యాప్ కూడా ఇక్కడ దొరుకుతుంది. పెళ్లిపత్రిక పేరుతోనే ఉండవచ్చు, లేదంటే సిస్టమ్ అప్‌డేట్ లాంటి పెద్దమనిషి పేరు పెట్టుకుని ఉండవచ్చు. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరవండి. అది చూపు, వినికిడి సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం, స్క్రీన్ మీద ఉన్నది చదవడానికి, మన బదులు నొక్కడానికి యాప్‌కు అధికారం ఇస్తుంది. దొంగ యాప్‌లు ముందుగా దాన్నే అడుగుతాయి. అక్కడ మీకు తెలియని పేరు ఏదైనా ఆన్‌లో ఉంటే దాన్ని నమ్మవద్దు. డివైస్ అడ్మిన్ యాప్స్ (ఫోన్ మీద పెత్తనం ఇచ్చిన యాప్‌లు) అనే చోట, వాట్సాప్‌కు తెలియని యాప్‌లు వేసే అనుమతి ఉన్న చోట కూడా చూసి ఆపేయండి. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ అని ఉంటుంది, దానితో ఒకసారి స్కాన్ చేయించండి. స్కాన్‌కు నెట్ కావాలి కాబట్టి సిమ్ లేకుండా ఇంటి వైఫై మీద ఆ కాసేపు ఆన్ చేసి, అయిపోగానే ఆపండి.

ఈ వెతుకులాటలో ఒక గుర్తు కనపడితే ఇంక అనుమానమే అక్కర్లేదు. మీరు ఆ యాప్ పేజీ తెరిచి అన్‌ఇన్‌స్టాల్ దాకా వెళ్లగానే స్క్రీన్ మిమ్మల్ని వెనక్కి, హోమ్‌కి నెట్టేస్తుంది. మళ్లీ వెళ్తారు, మళ్లీ నెట్టేస్తుంది. ముసలి ఫోన్‌లో టచ్ పాడైతే స్క్రీన్ ఎక్కడపడితే అక్కడ పిచ్చిగా నొక్కుకుంటుంది. దొంగ యాప్ అలా కాదు, తనను తీసేయబోయినప్పుడే, సరిగ్గా అదే చోట అడ్డుపడుతుంది. అలా జరిగితే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసిన యాప్‌లు నడవకుండా, తెరిచి తీసేయాలి. తీసేసేముందు ఆ యాప్ పేరు కనపడేలా వేరే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకు పనికొస్తుంది.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (మీ వాట్సాప్ తెరిచి ఉన్న వేరే పరికరాలు) చూసి మీది కానిది ఏదున్నా లాగౌట్ చేయండి. జీమెయిల్ పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. సిమ్ ఇప్పుడున్న కీప్యాడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్, అంటే మన కాల్స్ వేరే నంబరుకు మళ్లించడం, కూడా చూడండి. అన్ని కాల్స్ అనే చోట తెలియని నంబరు ఉంటే తీసేయండి. ఎత్తనప్పుడు, అందనప్పుడు అనే చోట సిమ్ కంపెనీ వాళ్ల నంబరు ఉండటం మామూలే. స్టార్ హ్యాష్ 21 హ్యాష్ నొక్కితే హ్యాక్ అయిందో లేదో తెలిసిపోతుందని గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ నమ్మకండి. ఆ కోడ్ చెప్పేది కాల్ ఫార్వర్డింగ్ సంగతి ఒక్కటే. పైగా మోసాలు ఎక్కువయ్యాయని టెలికాం శాఖ కోడ్‌లతో చేసే ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని ఆదేశించింది.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని లక్షణాలు. ఒక్క మాట ముందే చెబుతాను. మీరు రాసినవాటిలో మిమ్మల్ని ఎక్కువ భయపెట్టినవన్నీ నాకు ఫోన్ వయసు లాగానే కనపడుతున్నాయి. దొంగకు కావలసింది మీ ఫోన్ మామూలుగా నడవడం. మీకు అనుమానం వస్తే వాడి పని చెడుతుంది.

35 శాతం దగ్గర ఆగిపోవడం పాత బ్యాటరీ లక్షణాల్లో మొదటిది. లిథియం బ్యాటరీ వయసు మీదపడేకొద్దీ దాని లోపలి నిరోధకత పెరుగుతుంది. కెమెరా తెరిచినా, కాల్ కలిసినా ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. సాయంత్రం అందరి మోటార్లూ ఒకేసారి ఆన్ అయితే లైన్లో వోల్టేజీ పడిపోయినట్టు, బ్యాటరీలో వోల్టేజీ పడిపోతుంది. ఫోన్ తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. లోపల ఛార్జింగ్ ఉన్న మాట నిజమే, దాన్ని ఆ వేగంతో ఇచ్చే సత్తువ లేదు. ఐఫోన్ల విషయంలో ఇదే గొడవ 2017లో పెద్దదైంది. పాత బ్యాటరీ ఉన్న ఫోన్లు ఇలా ఆగిపోకుండా వాటి వేగాన్ని తామే తగ్గించామని యాపిల్ ఒప్పుకుంది. ఐఫోన్ 14 వరకూ వచ్చిన మోడళ్లకు 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం మిగిలేలా బ్యాటరీ తయారుచేశామని ఆ కంపెనీయే చెబుతుంది. మీరు ఐదేళ్లుగా రోజూ ఛార్జ్ పెడుతున్నారంటే 500 ఎప్పుడో దాటిపోయారు.

వేడికి కారణం బ్యాటరీ ఒక్కటే కాదు, మీరు ఫోన్ వాడే చోటు కూడా. సముద్రం వైపు గుంటల దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం. సిగ్నల్ తగ్గేకొద్దీ టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. బ్యాటరీ కరిగిపోతుంది, ఒళ్లు కాలుతుంది. ఇంట్లో ఉన్న రోజు, గుంట దగ్గర ఉన్న రోజు ఛార్జింగ్ ఎలా దిగుతుందో పోల్చి చూడండి. గుంట దగ్గరే వేగంగా దిగుతుంటే కారణం సిగ్నల్. యాపిల్, శామ్‌సంగ్ కంపెనీలు తమ ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటాయి. మన నెల్లూరు ఎండలు మే నెలలో 40 దాటతాయి. మోటార్ సైకిల్ ట్యాంక్ కవర్‌లో పెట్టి మధ్యాహ్నం తిరిగితే, రేకుల షెడ్డులో ఛార్జింగ్ పెట్టి వదిలేస్తే బ్యాటరీ త్వరగా చెడిపోతుంది.

ఇక్కడ ఒక పని మాత్రం వెంటనే చేయండి. కవరు తీసి ఫోన్‌ను అద్దం లాంటి చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల మెల్లగా తాకండి. కెమెరా ఎత్తు వల్ల కాకుండా మధ్యలో ఉబ్బి బొంగరంలా తిరుగుతోందా? ఫ్రేముకూ స్క్రీన్‌కూ మధ్య అంచు వెంట సన్నటి సందు కనపడుతోందా? కనపడితే బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టకండి, అదిమి మూయబోకండి, దిండు కింద పెట్టుకోకండి. నేరుగా షాపుకు తీసుకెళ్లి తీయించండి. ఉబ్బిన బ్యాటరీ లోపలి నుంచి స్క్రీన్‌ను తోస్తుంది కాబట్టి, టచ్ దానంతటదే పడటానికి కూడా ఒక్కోసారి అదే కారణం.

దానంతటదే కదిలే స్క్రీన్‌కు మీ పనిలో ఇంకా కారణాలున్నాయి. టచ్ స్క్రీన్ పనిచేసేది మన వేలికి విద్యుత్ ప్రవహించే గుణం ఉండటం వల్ల. ఉప్పునీటికీ ఆ గుణం ఉంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తిన తడి చేత్తో ఫోన్ పట్టుకుంటే ఆ నీటి పొరను కూడా స్క్రీన్ వేలు అనుకుంటుంది. నాసిరకం ఛార్జర్ పెట్టినప్పుడు కూడా టచ్ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. హ్యాకింగా కాదా తేల్చడానికి ఇలా చేయండి. సిమ్ తీసేసి, వైఫై, బ్లూటూత్ ఆపేసి, ఛార్జర్ పీకేసి, పైనున్న టెంపర్డ్ గ్లాస్ కూడా తీయించి, పొడి గుడ్డతో తుడిచి ఫోన్‌ను బల్ల మీద పెట్టండి. ఏ నెట్‌వర్కూ లేనప్పుడు దూరాన ఉన్నవాడు మీ ఫోన్‌ను కదపలేడు. అప్పుడు కూడా స్క్రీన్ కదులుతుంటే, ముఖ్యంగా ఎప్పుడూ ఒకే పట్టీలో, ఒకే మూల కదులుతుంటే, పాడైంది డిస్‌ప్లే. తుడిచాక ఆగిపోతే తడి, లేదా గ్లాస్. ఇంతకుముందు ఎవరైనా ఫోన్ చేసి ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి ఉంటే మాత్రం సంగతి వేరు. ఆ యాప్‌తో నెట్ ఉన్నప్పుడు అవతలివాడు మీ స్క్రీన్ చూడగలడు, అనుమతి ఉంటే నొక్కగలడు కూడా. ఉంటే తీసేయండి.

కాల్‌లో గరగర, నా మాట నాకే వినపడటం: ఇవి ట్యాపింగ్ గుర్తులు కావు. నెట్‌వర్క్ బలహీనత, మైకు జల్లెడలో చేరిన దుమ్ము, ఉప్పు తేమ, అవతలివాళ్ల స్పీకర్. వదిలేయండి.

మీ అల్లుడికి పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ లాంటి వార్తల వల్ల భయం పట్టి ఉండవచ్చు. అది ప్రభుత్వాలకు అమ్మే ఇజ్రాయెల్ కంపెనీ సరుకు, 2021లో వార్తల్లోకి వచ్చినప్పుడు లక్ష్యాలుగా బయటపడ్డ పేర్లు పాత్రికేయులవీ, రాజకీయ నాయకులవీ, ఉద్యమకారులవీ. మన ఖాతాలో డబ్బు కోసం వచ్చేవాడికి అంత సరంజామా అక్కర్లేదు. మన చేతే ఓకే కొట్టించుకుంటాడు. కాబట్టి ఫోన్ ఎలా ప్రవర్తిస్తోంది అన్నదానికంటే, ఈ మధ్య మనం ఏం నొక్కాం, ఏం వేశాం, ఎవరికి ఏం అనుమతి ఇచ్చాం అన్నదే ఎక్కువ నిజం చెబుతుంది. మీ ఉత్తరంలో నేను చివరి మాట దగ్గర ఆగింది అందుకే.

షాపు వాళ్లకు మూడు వేలు ఇవ్వకండి. లాక్ నంబరు అసలే ఇవ్వకండి. బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్‌ను తాళంతో సహా రెండ్రోజులు ఇంకొకరి దగ్గర ఉంచితే, హ్యాకింగ్ తీయడం మాట అటుంచి, కొత్త ప్రమాదాన్ని మనమే తెచ్చుకున్నట్టు. వాళ్లు చేసేది చాలావరకు ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్తదానిలా చేయడం, అది మీ అల్లుడు ఇంట్లో ఉచితంగా చేయగలడు. ఫొటోలు, కాంటాక్టులు, మేత, సీడ్ లెక్కలు ఏవైనా ఫోన్‌లో రాసుకుంటే అవీ వేరే చోట భద్రం చేసుకోండి. జీమెయిల్ పాస్‌వర్డ్ కచ్చితంగా గుర్తుందని తేల్చుకున్నాకే రీసెట్ కొట్టండి. తర్వాత యాప్‌లు ప్లే స్టోర్ నుంచి మాత్రమే వేయండి. పాత డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను అలాగే తిరిగి ఎక్కించకండి, ఆ పత్రిక అందులోనే ఉంటుంది. దొంగ యాప్ ఏదీ దొరకకపోయినా, మీరు ఓకే కొట్టిన మాట నిజం కాబట్టి రీసెట్ చేయమనే నా సలహా.

మీ అసలు ప్రశ్నకు కూడా ఈ రీసెట్టే జవాబు చెబుతుంది. ఇలాంటి మామూలు దొంగ యాప్‌లు రీసెట్‌తో పోతాయి. బ్యాటరీ, డిస్‌ప్లే బాగుపడవు. ఏ యాప్‌లూ లేని ఫోన్ కూడా వేడెక్కి 35 శాతానికి ఆగిపోతే, స్క్రీన్ కదులుతూనే ఉంటే, ఆ జబ్బులు సామాను జబ్బులే. అప్పుడు బ్యాటరీ మార్పించండి. బ్యాటరీ మార్చడానికి లాక్ నంబరు అవసరం లేదు, షాపులోనే కూర్చుని మార్పించుకుని రావచ్చు. ఒకసారి విప్పిన ఫోన్‌కు నీటిని ఆపే శక్తి తగ్గుతుంది, గుంట దగ్గర ప్లాస్టిక్ పౌచ్‌లో ఉంచండి. పాత బ్యాటరీ ఇంటికి తెచ్చి చెత్తలో వేయకుండా షాపులోనే ఇచ్చేయండి.

బ్యాటరీ మార్చినా, ఈ ఫోన్‌లో మళ్లీ బ్యాంకు పెట్టుకోవాలా వద్దా అన్నది సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ దగ్గర తేలుతుంది. అక్కడ ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఏడాది కంటే పాతదైతే కంపెనీ మీ మోడల్‌ను వదిలేసిందని లెక్క. కొత్తగా బయటపడే లొసుగులకు మరమ్మతు ఇక రాదు. మీ ఫోన్ అంత వయసున్న ఫోన్లలో చాలావాటి పరిస్థితి ఇదే. అలాంటి ఫోన్ మోటార్ల కాల్‌కు, రొయ్యల కౌంటు రేట్లు చూసుకోవడానికి, వాతావరణం చూడటానికి ఇంకా కొన్నాళ్లు భేషుగ్గా పనికొస్తుంది. యూపీఐ మాత్రం అప్‌డేట్లు వస్తున్న ఫోన్‌లో పెట్టుకోండి. ఈ పట్టుబడికి, అంటే గుంటలో రొయ్యలు పట్టి అమ్మేనాటికి, వీలు కాకపోతే వచ్చే పట్టుబడికైనా సరే. అప్పటిదాకా యూపీఐకి వేరే చిన్న ఖాతా జోడించి, అందులో ఖర్చుకు సరిపడా ఉంచి, మేత, సీడ్ డబ్బులు పెద్ద ఖాతాలోనే వదిలేయండి.

ఇంకొక్క పని ఉంది. పత్రిక పంపిన తెలిసినాయనకు ఈ రోజే ఫోన్ చేయండి. వాట్సాప్‌లో వద్దు, మామూలు కాల్ చేయండి. ఆయన పంపి ఉండకపోవచ్చు, ఆయన ఫోన్ నుంచి ఆ యాప్ పంపి ఉండవచ్చు. మీ నంబరు నుంచి కూడా ఎవరికైనా పోయిందేమో మీ వాట్సాప్‌లో చూసి, పోయినవాళ్లందరికీ తెరవవద్దని చెప్పండి. ఆయనకూ ఇదే వరుస చెప్పండి: ముందు డేటా ఆపి సిమ్ తీయడం, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే ఫోన్.